మోటరు కడుపులో నీళ్ళు

ఫిబ్రవరి 3, సోమవారం

వికారాబాద్ నుంచి ఫోను. మనోరమ మేడం అట, ఆడపిల్లలకు కరెంటు పని, మోటరు పని నేర్పే శిక్షణ కేంద్రం చూసుకుంటుందట. మార్చి ఎనిమిదిన నేను వచ్చి ముప్ఫై రెండు మంది పిల్లలకు ఒక గంట పాఠం చెప్పాలట.

"నేనేం చెప్త మేడం, పదో తరగతితోని ఆగినదాన్ని" అన్నాను.

"బోరు మోటరులో థ్రస్ట్ బేరింగ్ గురించి మీకంటే బాగా తెలిసినవాళ్ళు జిల్లాలో లేరని విన్నాను" అన్నది.

విన్నదట! జిల్లాలో! ఫోను పెట్టేశాక కాసేపు దుకాణంలో ఊరికే అటూ ఇటూ తిరిగాను. ఈ డైరీ పంపుల డీలరు ఇచ్చింది. ఇన్నాళ్ళూ దీంట్లో మోటర్ల నంబర్లే రాశాను. ఇవాళ మాటలు రాయాలనిపించింది.

గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నమాటే. మోటరు దించడం, ఎత్తడం మా ఆయన మల్లేశ్వర్ పని. బెంచి మీద పని నాది. బోర్డు మీద మొదట ఆయన పేరే ఉండేది. వచ్చిన ప్రతివాడూ "అక్క లేదా?" అని అడుగుతుంటే విసిగిపోయి నాలుగేళ్ళ కింద ఆయనే చెరిపించి 'నాగరాణి మోటర్ వర్క్స్' అని రాయించాడు. నేను థ్రస్ట్ మార్చిన మోటరు ఏడాది లోపల తిరిగి వచ్చిందని చెప్పేవాడు తాండూరులో ఇంకా పుట్టలేదు.

కొత్త సంవత్సరం నుంచి నీళ్ళ బాధ కూడా తీరింది. మున్సిపాలిటీ నల్లా రెండు రోజులకోసారి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. పక్కన బండల పాలిషు నడిపే మొహసిన్ మోటరు బాగుచేసి ఇచ్చినప్పుడు మాట కలిపి, అతని పెద్ద తొట్టి నుంచి మా దుకాణానికి పైపు వేయించుకున్నాను. తిప్పితే చాలు, అద్దంలాంటి నీళ్ళు. అది కూడా నా తెలివే.

ఫిబ్రవరి 5

పాఠం ఎలా మొదలుపెట్టాలో ఆయన అన్నం తింటుంటే చెప్పి చూశాను.

బోరు మోటరు నిలబడి తిరుగుతుంది. పడుకుని తిరిగే మోటరు బరువు రెండు పక్కల బేరింగులు పంచుకుంటాయి. నిలబడ్డదానికి ఆ సుఖం లేదు, బరువంతా అడుక్కే. తన బరువు ఒక్కటే కాదు. పంపు నీళ్ళను నాలుగు వందల అడుగులు పైకి తోస్తుంది, ఆ తోపుకు ఇరుసు కిందికి నొక్కుకుపోతుంది. ఇంత బరువునూ అడుగున అరచేతంత థ్రస్ట్ బేరింగు మోయాలి. దాంట్లో గోలీలు ఉండవు, గ్రీజు ఉండదు. తిరిగే నల్లటి కార్బన్ బిళ్ళ ఒకటి. దాని కింద చుట్టూ అమర్చిన ఆరు స్టీలు ముక్కలు. మధ్యలో నీళ్ళు. మోసేది ఆ నీళ్ళే.

"నీళ్ళెట్ల మోస్తయే?" అన్నాడు, తనకేమీ తెలియనట్టు.

చెయ్యి కడుక్కున్నాక వాకిట్లోకి తీసుకుపోయాను. పాలిషు బండ మీద చెంబెడు నీళ్ళు పోసి, "ఉరుకు" అన్నాను. పాపం, ఉరికాడు. రెండో అడుగుకే కాలు జర్రున జారి గోడ పట్టుకున్నాడు.

"గదే! నీ చెప్పు ముందట జర లేసి ఉంది. గా సందుల నీళ్ళు దూరినయ్. నువ్వు ముందుకు పోయిన కొద్ది ఇరుకయినయ్. పోయేతందుకు జాగలేక నిన్నే లేపినయ్. స్టీలు ముక్క గూడ గంతే. కింద బొడిపె మీద కూసోని జరంత వాలుతది, నీళ్ళను లోపలికి తీసుకుంటది."

"మంచిగ చెప్పినవ్. నా నడుము ఇరిగితే మోటర్లు నీ అయ్య దించుతడా?" అన్నాడు.

వికారాబాద్ పిల్లలకు కూడా ఇదే చెప్తాను. ఉరికించను. ఇంకొకటి మరిచిపోకుండా చెప్పాలి. ఆ నీటి పొర వెంట్రుక కన్నా పలుచన. మోటరు వేగంగా తిరుగుతున్నంతసేపూ కార్బను, స్టీలు ఒకదాన్నొకటి తాకనే తాకవు. అందుకే బోరులోకి దించేముందు మోటరు కడుపు నిండా మంచినీళ్ళు పోయాలి, గాలి బుడగలన్నీ పోయేదాకా ఓపికగా ఆగాలి. ఈ పని నేను ఎవరికీ అప్పజెప్పను. నా చేత్తోనే పోస్తాను.

ఫిబ్రవరి 7

దౌల్తాబాద్ దగ్గరి ఖుద్దూస్ భాయ్ మోటరు తిరిగి వచ్చింది. జనవరి 20న నేనే థ్రస్ట్ మార్చి ఇచ్చాను. స్టార్టరు నొక్కిన కాసేపటికే పడిపోతోందట, మోటరు మూలుగుతోందట. విప్పాను. కార్బన్ బిళ్ళ మీద గుండ్రంగా గీతలు, వేలు పెడితే తగిలేంత లోతు.

నీళ్ళు లేక ఎండిపోయి తిరిగితే బిళ్ళ మాడుతుంది. గీతలు పడ్డాయంటే లోపలికి గరుకు దూరిందన్నమాటే. "నీ బోరు ఇసుక పోస్తుంది భాయ్, గా ఇసుకనే సీలు దాటి లోపటికి పోయింది" అని చెప్పాను. ఆయన యాభై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడడు. "నా బోరా?" అన్నాడు అంతే.

బిళ్ళ, ముక్కలు కొత్తవి వేసి, నీళ్ళు నింపి ఇచ్చాను. పద్దెనిమిది రోజులకే వచ్చిందని మా ఆయన రెండుసార్లు అన్నాడు. బోరు చెడ్డదైతే నేనేం చేస్తాను?

ఫిబ్రవరి 8

ఖుద్దూస్ భాయ్ మోటరు దించి వచ్చారు. నీళ్ళు మస్తుగా పోస్తోందట. చెప్పానా! ఆయన బోరు ఇసుక పోస్తోందని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్తున్నాను.

ఫిబ్రవరి 12

వికారాబాద్‌కు ఏ చీర కట్టుకోవాలో తేల్చుకున్నాను. నీలం రంగుది. నూనె మరక పడ్డా కనిపించదు.

ఫిబ్రవరి 18

మళ్ళీ వచ్చింది. పది రోజులు.

ఆటోలో మోటరుతో పాటు ఖుద్దూస్ భాయ్ కూడా వచ్చాడు. విప్పితే అవే గీతలు. పోయినసారి కన్నా లోతు. నేను నోరు తెరిచేలోపే సంచిలోంచి తెల్ల రుమాలు తీసి బెంచి మీద పరిచాడు.

"నువ్వు ఇసుక అన్నప్పటి సంది రోజు గంట సేపు పైపు మూతికి గిది కట్టిన రాణమ్మా. చూడు. ఒక్క రేణువు ఉంటే చూపెట్టు."

రుమాలు మీద ఏమీ లేదు. నాకు చిర్రెత్తింది. రుమాలు కట్టి నాకు పాఠం చెప్తాడా!

"ఇసుక రోజు ఒక్కతీరు పొయ్యదు భాయ్. మోటర్ల గురించి నాకు చెప్పకు."

"తొమ్మిదేండ్ల సంది నాకు అన్నం పెడుతున్న బోరు. దాన్ని అనకమ్మా. వరి పొట్టకొచ్చింది. పక్క పొలం మల్లిక వాళ్ళు రెండు తడులు ఇస్తరంట, గంతకంటే వాళ్ళకే లేవు. జల్ది చెయ్యి." ఆటో ఎక్కబోతూ ఆగాడు. "రుమాలు ఈడనే పెట్టి పోతున్న. మీ నల్లాకు గూడ ఓసారి కట్టి చూడు బిడ్డా."

మా నల్లాకు! చూస్తేనే తెలుస్తుంది, అద్దంలా ఉన్నాయి నీళ్ళు.

ఫిబ్రవరి 19

కార్బన్ బిళ్ళలే నకిలీవి అయ్యుంటాయి. ఈ మధ్య అన్నీ నకిలీలే.

ఫిబ్రవరి 20

హైదరాబాద్ డీలరును ఫోనులో కడిగేశాను. అదే పెట్టెలోవి పరిగిలో, మహబూబ్‌నగర్‌లో ఎక్కడా చెడిపోలేదని అంటాడు. అబద్ధాలకోరు. వేరే కంపెనీ బిళ్ళలు పంపమన్నాను. సోమవారం వస్తాయట. అప్పటిదాకా ఖుద్దూస్ భాయ్ మోటరు బెంచి మీదే.

రుమాలు ఉతికి ఆరేశాను. ఎవరి వస్తువు వాళ్ళకు శుభ్రంగా ఇవ్వాలి కదా.

ఫిబ్రవరి 22

పూడూరు నుంచి ఇంకో మోటరు. జనవరి ఆఖర్లో నేను చేసిందే. విప్పాను.

అవే గీతలు.

మా ఆయన పక్కనే నిలబడి చూశాడు. "రాణీ, గా రుమాలు ఒక్కపారి..." అని మొదలుపెట్టాడు. "బెంచి దిక్కు రాకు, నీ పని నువ్వు చూసుకో" అని అరిచాను. వీధిలో వాళ్ళకు వినపడి ఉంటుంది. ఆయన మోటర్లు ఎత్తే చైను పుల్లీకి నూనె రాస్తూ కూర్చున్నాడు, దానికి నూనె అవసరమే లేదు.

ఫిబ్రవరి 23

కట్టలేదు. కట్టాల్సిన అవసరం లేదు.

ఫిబ్రవరి 24, సోమవారం

కట్టాను.

ఆయన బస్టాండుకు కొత్త బిళ్ళల డబ్బా తేవడానికి పోయినప్పుడు కట్టాను. మొహసిన్ పైపు నల్లాకు రుమాలు బిగించి, కింద బకెట్ పెట్టి, సన్నగా ధార వదిలాను. గంటసేపు దాని వైపు చూడకుండా వైండింగు తీగ చుట్టుకుంటూ కూర్చున్నాను. చూడకపోతే ఏమీ ఉండదన్నట్టు.

విప్పితే రుమాలు నడుమ అప్పుడే కలిపిన పుట్టీలా లేత బూడిదరంగు ముద్ద. వేళ్ళ మధ్య నలిపాను. బండ పొడి మెత్తగా ఉంటుంది, ఈ బండల ఊరిదాన్ని నాకు తెలియదా? ఇది మెత్తగా లేదు. దాంట్లో గరుకు ఉంది. కొత్త కార్బన్ బిళ్ళ తీసి ఆ ముద్ద పెట్టి వేలితో రెండు తిప్పులు తిప్పాను. గీతలు. అచ్చం అవే.

బండను నునుపు చేసేది మిషన్ కింద తిరిగే గరుకు ఇటుక. బండ అరిగినట్టే అదీ అరుగుతుంది. ఆ పొడి కూడా నీళ్ళతో పాటే మొహసిన్ తొట్టిలోకి పోతుంది. లావుది అడుగున కూర్చుంటుంది. కంటికి కనపడనంత సన్నది నీళ్ళలో తేలుతూ మా పైపులోకి వస్తుంది. వెంట్రుక కన్నా పలుచన అని గొప్పగా చెప్పుకున్నానే, ఆ నీటి పొరలోకి! నీళ్ళు తెల్లగా ఉంటే దగ్గరికి కూడా రానిచ్చేదాన్ని కాదు. తేటగా ఉన్నాయని నమ్మాను.

ఇంకొకరి చేతికి ఇవ్వకుండా, బుడగలు పోయేదాకా ఓపికగా ఆగి, మోటర్ల కడుపులో నేను నింపింది ఉప్పు కాగితం.

ఆయన డబ్బాతో వచ్చి రుమాలు చూశాడు. డబ్బా బెంచి మీద పెట్టి, పోయి చేతులు కడుక్కున్నాడు. ఏదైనా అంటే బాగుండేది, పోట్లాడేదాన్ని. బాగా ఏడ్చాను. అవమానంతో ఏడ్చాను, పశ్చాత్తాపంతో కాదు. ఇక్కడ కూడా అబద్ధం రాసుకుంటే ఎలా?

ఫిబ్రవరి 25

ఈ డైరీలోనే వెనక్కి తిప్పి చూశాను. ఆ పైపు వచ్చాక థ్రస్ట్ మార్చిన మోటర్లు పదకొండు. రెండు వచ్చాయి. తొమ్మిది బోర్లలో ఉన్నాయి.

"తొమ్మిది నడుస్తనే ఉన్నయ్. చెడిపోయినప్పుడు వాళ్ళే తెస్తరు, అప్పుడు చేసిద్దాం. మనమే పోయి మా తప్పు అని చెప్పుడేంది?" అన్నాడు ఆయన.

నిజం రాయాలంటే నాకూ అదే అనిపించింది. ఎవరి బోరులో ఎప్పుడు ఇసుక పడిందో ఎవడు చూడొచ్చాడు? మార్చి ఎనిమిది దాకా నోరు మూసుకుంటే చాలు. నీలం చీర కట్టుకుని పోయి చప్పట్లు కొట్టించుకుని రావచ్చు. కానీ అవి చెడిపోయేది మార్చిలో, నీళ్ళు కావలసిన రోజుల్లో. తొమ్మిది పొలాలు. ఖుద్దూస్ భాయ్ మడి వారం నుంచి ఎండుతోంది, అది చాలదా?

"బోర్డు మీద ఉన్నది నా పేరు. తొమ్మిదింటిని గుంజుదాం" అన్నాను.

"నీ పేరు కోసమా, వాళ్ళ పంట కోసమా?"

"రెండిటికీ" అన్నాను. అదే నిజం.

పైపు నేనే పీకేశాను. మొహసిన్ పరుగెత్తుకొచ్చి, "ఏమైంది అక్కా, నీళ్ళు ఖరాబా?" అన్నాడు. "నీళ్ళు నీవే, పోసింది నేను" అన్నాను. తాగే నీళ్ళ క్యాన్లు ఆరు తెప్పించాను. ముందు వాటికి కూడా రుమాలు కట్టి చూశాను. ఇకనుంచి దేవుడు ఇచ్చిన నీళ్ళైనా సరే, కట్టి చూస్తాను. ఖుద్దూస్ భాయ్ మోటరు పొద్దుగూకేలోపు పూర్తిచేశాను.

ఫిబ్రవరి 26, శివరాత్రి

ఉపవాసంతోనే దౌల్తాబాద్ పోయాను. మామూలుగా దించేటప్పుడు నేను పోను.

మడి చూశాను. ఎగువన పచ్చగా ఉంది. దిగువన అర ఎకరం నెర్రెలు విచ్చింది, పొట్టలోనే వెన్ను ఎండిపోయింది. మోటరు దించారు. స్విచ్ వేశారు. నీళ్ళు వచ్చాయి. అప్పుడు చెప్పాను, ఒక్క మాట దాచకుండా. రుమాలు చేతిలో పెట్టాను.

ఖుద్దూస్ భాయ్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అర ఎకరం పోయింది రాణమ్మా" అన్నాడు.

"పోయింది భాయ్. నా వల్లనే పోయింది. వానాకాలం దాకా నీ మోటరుకు ఏమైనా సరే, నేనే వచ్చి చేస్త."

"అది సరే. నన్నేమన్నా అంటే పడుత. నా బోరును అన్నవ్, ఇసుక పోస్తదని. ఊరంత చెప్పినవ్. దానికి మాఫీ చెప్పు."

నవ్వుతున్నాడేమో అని ముఖం చూశాను. నవ్వడం లేదు. మా ఆయన తల తిప్పుకున్నాడు. మల్లిక వాళ్ళ ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి చూస్తున్నారు. నేను, నాగరాణిని, ఇనుప గొట్టానికి క్షమాపణ చెప్పాలట!

చెప్పాను. బోరు కేసింగు గొట్టం పక్కన వంగి, "నీ తప్పు లేదు, నాదే తప్పు" అన్నాను. గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఖుద్దూస్ భాయ్ మాత్రం తల ఊపి, "ఇగ అయిపోయింది" అని, నేను ఉపవాసమని తెలిసి రెండు జామకాయలు తెంపి ఇచ్చాడు. దారిలో తిన్నాను. ఉప్పు లేకుండానే బాగున్నాయి.

మార్చి 1

రెండు గుంజాం. రెండిట్లోనూ గీతలు మొదలయ్యాయి. ఒకాయన తిట్టాడు. పడ్డాను.

మార్చి 3

మూడు. రైల్వే గేటు అవతలి మెకానిక్ ఎంకయ్య దుకాణం ముందు నా గురించి నవ్వుకుంటున్నారట. "బోరుకు దండం పెట్టిందంట" అని. దండం పెట్టలేదు. మాట చెప్పాను. చెప్పేదేదో సరిగ్గా చెప్పాలి కదా.

మార్చి 4

మూడు. చేతులు లేవడం లేదు.

మార్చి 6

ఆఖరిది, పరిగి దారిలో పరమేశ్ అనే అతనిది. గుంజనివ్వనన్నాడు.

"నడుస్తున్న మోటరును ఎందుకు గుంజుతవమ్మా? పిచ్చా?"

"లోపట ఖరాబుంది."

"ఎవరు చెప్పిండ్రు?"

"నేనే ఖరాబు చేసిన, నాకు తెల్వదా?"

పరమేశ్ మా ఆయన దిక్కు తిరిగి, "అన్నా, వదినకు పానం మంచిగ లేదా?" అన్నాడు. అరగంట బతిమాలాను. నా తప్పు నేను చూపెట్టుకోవడానికి ఇంకొకరి కాళ్ళు పట్టుకోవాల్సి వచ్చింది. చివరికి ఎత్తనిచ్చాడు. విప్పి బిళ్ళ చేతిలో పెట్టాను. వేలితో తడిమి, గీతలు చూసి, ఇంట్లోకి పోయి చాయ్ పెట్టమని చెప్పాడు.

పదకొండూ అయ్యాయి. నిద్ర పోవాలి.

మార్చి 8, శనివారం

వికారాబాద్. నీలం చీర.

మనోరమ మేడం మైకులో, "ఈమె చేసిన మోటరు మళ్ళీ తిరిగి రాదు" అని చెప్పింది. చప్పట్లు. నేను లేచి సంచి విప్పి బల్ల మీద పన్నెండు బిళ్ళలు వరుసగా పెట్టాను. ఖుద్దూస్ భాయ్‌వి రెండు, మిగతావి పది.

"మేడం తప్పు చెప్పింది. ఈ రెండు నెలల్ల పదకొండు వాపస్ వచ్చినయ్. తొమ్మిదింటిని నేనే పోయి తెచ్చిన" అన్నాను.

ముందు వరుసలో భవ్యశ్రీ అనే సన్నటి పిల్ల ఒక బిళ్ళ తీసి వేలితో గీతలు తడిమింది. "ఎవరు చెడగొట్టిండ్రు మేడం?"

"నేను."

అప్పుడు మొదలుపెట్టాను. నిలబడ్డ మోటరు, కిందికి పడే బరువు, వాలే స్టీలు ముక్కలు, లేపి పట్టే నీళ్ళు, ఆ నీళ్ళలో నేను పోసిన పొడి. తడి బండ సంగతి చెప్తే పకపకా నవ్వారు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు జారినవాళ్ళే. పన్నెండు బిళ్ళలూ ముప్ఫై రెండు మంది చేతుల్లో తిరిగాయి. గంట అనుకున్నది మూడు గంటలైంది, భోజనం చల్లారింది. కొత్త మెరిసే బిళ్ళ పట్టుకుపోయి ఉంటే గంటలో లేచేవాళ్ళు. ఇంత బాగా నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. రాసుకుంటే తప్పేముంది, బ్రహ్మాండంగా చెప్పాను.

మార్చి 10

బేరాలు లేవు. ఎంకయ్య దగ్గర నాలుగు మోటర్లు ఉన్నాయట.

మార్చి 11

లేవు. ఆయన బోర్డు తుడిచాడు. "పేరు మార్పిద్దామా?" అన్నాను. "నోరు ముయ్యి" అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో నన్ను అంత మాట ఎప్పుడూ అనలేదు. మనసుకు హాయిగా అనిపించింది.

మార్చి 12

పొద్దున షట్టరు ఎత్తి ఊడుస్తున్నాను. ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వెనుక మోటరు, దాని పక్కన గొంగడి కప్పుకుని ఒక ముసలాయన. దోమ మండలం నుంచి వచ్చాడట, ఈరయ్య అని. మూడు గంటల దారి పడిందట, మధ్యలో ఎన్ని దుకాణాలు దాటి వచ్చాడో! దిగి, పైన బోర్డు చదవలేక వీధి అటు చివరా ఇటు చివరా చూశాడు.

"బిడ్డా, తప్పు చేస్తే ఇంటికొచ్చి మరీ చెప్తదంట ఒకామె. గామె దుకాణం యాడుంది?"

చీపురు పక్కన పెట్టాను.

"గామె నేనే పెద్దయ్యా. మోటరు దించు."